తాబేలుకు వెలుగొక్కటే చాలదు



కుక్కపిల్లలు, రంగు చేపలు సరే, ఈమధ్య పిల్లలు తాబేలు కావాలని పేచీ పెడుతున్నారు. బజారులో అమ్మే తాబేలుకు చెవి దగ్గర ఎర్రటి చార ఉంటుంది. దాన్ని రెడ్ ఇయర్డ్ స్లైడర్ అంటారు. పుట్టిల్లు అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతం. మన నక్షత్ర తాబేలు మాత్రం ఎంత ముద్దొచ్చినా ఇంటికి తేకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం.

సరే, పిల్లల పోరు పడలేక ఎర్రచార తాబేలును తెచ్చారనుకోండి. పాత అద్దాల తొట్టి కడిగి, సగానికి నీళ్లు పోసి, ఎక్కి కూర్చోవడానికి రెండు ఇటుకలు పేర్చి, పైన ఒక ఎల్.ఇ.డి. బల్బు వేలాడదీస్తాం. తొట్టి పెళ్లిపందిరిలా వెలిగిపోతుంది. చూడ్డానికి మనకు బాగానే ఉంటుంది. కాని తాబేలుకు కావలసింది ఎండ. ఎండలో వెలుగుతోపాటు వేడి ఉంది, కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలున్నాయి. వాటిలో యూవీబీ అనే రకం ఒంటిమీద పడితేనే దానికి డి విటమిన్ తయారవుతుంది. అది లేకపోతే ఎంత మంచి తిండి పెట్టినా అందులోని కాల్షియం ఎముకకు, డిప్పకు పట్టదు.

మా పేటలో ఒకరింట తాబేలు తిండి మానేసింది. డిప్ప నొక్కితే అట్టముక్కలా లొంగింది. పశువైద్యులు చూసి, దీనికి ఎండ తగలడం లేదన్నారట. "అదేమిటండీ, తొట్టి కిటికీ పక్కనే ఉందిగా!" అని ఆ ఇల్లాలు ఆశ్చర్యపోయింది. కిటికీ అద్దం వెలుగునూ వేడినీ రానిస్తుంది, యూవీబీని మాత్రం దాదాపుగా ఆపేస్తుంది. వైద్యంతో ఆ డిప్ప గట్టిపడింది గాని, వచ్చిన వంకర పోలేదు.

అందుకని తొట్టికి రెండు దీపాలు కావాలి. ఒకటి వేడికి. పాతకాలపు తీగ బల్బు, నలభై లేక అరవై వాట్లది, ఇటుకల మీదికి ఉండేలా బిగించండి. అక్కడ వేడి 32 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. చేత్తో తాకి అంచనా వెయ్యకండి, థర్మామీటరు పెట్టండి. మన వేసవిలో గదే అంత కాగుతుంది కనుక అప్పుడు ఈ బల్బుతో పని ఉండకపోవచ్చు. రెండోది, సరీసృపాలకోసమని అమ్మే యూవీబీ ట్యూబు. దాని పెట్టెమీద రాసిన దూరంలోనే కట్టండి. దానికీ తాబేలుకూ మధ్య అద్దంగాని ప్లాస్టిక్ మూతగాని ఉండకూడదు. ఇంకొక సంగతి, ఆ ట్యూబు వెలుగుతూనే ఉంటుంది గాని అందులో యూవీబీ తగ్గిపోతుంది. రకాన్నిబట్టి ఆరు నెలలకో ఏడాదికో మార్చాలి. కొన్న తేదీ దానిమీదే రాసిపెట్టుకోండి.

రెండు దీపాలూ పగలు పది పన్నెండు గంటలు వెలిగితే చాలు. రాత్రి ఆర్పెయ్యండి, దానికీ నిద్ర కావాలి. తొట్టిలో ఒక పక్క నీడ ఉంచండి, వేడెక్కువైతే అటు వెళ్తుంది.

నీళ్ల దగ్గర కరెంటుతో జాగ్రత్త. వేడి బల్బుకు పింగాణీ హోల్డరు వాడి, నీళ్లలో పడకుండా గట్టిగా బిగించండి. నీళ్లు మార్చేముందు ప్లగ్గు తీసెయ్యండి. ఉదయంపూట నేరుగా ఎండ చూపిస్తే మరీ మంచిది. అయితే వెడల్పాటి బేసినులో సగం నీడ చేసి, కాకులు పిల్లులు రాకుండా దగ్గర కూర్చోండి. అద్దాల తొట్టిని అలాగే ఎండలో పెట్టారా, నీళ్లు కాగి తాబేలు ప్రాణానికే ముప్పు.

ఈ తాబేలు ఇరవై ముప్పై ఏళ్లు బతుకుతుంది. విసుగొచ్చి చెరువులో వదిలితే మన తాబేళ్ల తిండికీ చోటుకూ పోటీ అవుతుంది. కనుక తాబేలు ధర అడిగే ముందు దీపాల ధర అడగండి. ఏటేటా ఆ ఖర్చు పెట్టగలమనుకుంటేనే తెచ్చుకోండి. లేదంటే పిల్లవాడు ఒకపూట ఏడిస్తే ఏడవనివ్వండి, మర్నాటికి మరిచిపోతాడు.