డిస్కు దోషపరీక్ష నిలిచిపోయినప్పుడు

ఫలక్‌నుమాకు చేరువనున్న జహనుమా పేటలో మాకు మిత్రులొకరు కలరు. జహనుమా యనగా లోకమును చూపునది యని అర్థము. గత వేసవిలో ఒకనాటి సాయంకాలము వారింటికి పోయితిమి. ఆనాడు లోకమును చూపవలసిన కంప్యూటరు తెర, నూటికి 27 వంతులు పూర్తియైనవను మాటను మాత్రమే చూపుచు నిలిచియుండెను.

"నిన్న రాత్రి నుంచి ఇట్లనే ఉన్నది సాబ్. మూడుసార్లు ఆపి మళ్ల మొదలుపెట్టిన" అనిరి మిత్రులు.

ఆ హార్డ్ డిస్కులో వారి తండ్రిగారు ముషాయిరాలలో వినిపించిన గజళ్లు కలవు. క్యాసెట్లనుండి వానిని డిస్కున కెక్కించి, బూజుపట్టిన క్యాసెట్లను పారవేసిరట. రెండవ ప్రతి లేదు. రేడియోలో గొంతులను నమ్ముకొని బ్రతుకువారము గనుక మాకును గుండె ఝల్లుమన్నది.

శ్రోతలారా, హార్డ్ డిస్కు 1956లో ఐ.బి.ఎం. వారి యంత్రముతో లోకమునకు వచ్చినది. 24 అంగుళముల వ్యాసముగల పళ్లెములు 50 కలిసి, ఆనాడు 50 లక్షల అక్షరములను మాత్రమే దాచగలిగెను. నేటి డిస్కు అరచేతిలో ఇమిడిపోవును గాని లోపలి యేర్పాటు అదియే: తిరుగు పళ్లెము, దానిపై తాకీ తాకకుండ తేలు చదువుముల్లు. ఆ రెంటి నడుమ ఎడము వెంట్రుక మందములో వేయవవంతుకన్నను తక్కువ. ఇంత సున్నితమైనది ఇన్నేండ్లు పనిచేయుటయే వింత.

విండోస్‌లోని చెక్‌డిస్కు అను దోషపరీక్ష గ్రంథాలయపు లెక్కచూపు వంటిది. మొదట పట్టికలోని పేర్లను సరిచూచును. కోరినచో ప్రతి బీరువాను తెరచి, అనగా పళ్లెముపై ప్రతి గడిని చదివి చూచును. డిస్కు వాడుకలో నున్నచో దోషములను దిద్దు పరీక్ష సాగదు. మరల యంత్రమును తెరచునప్పుడు చేయుమని అడిగి ఊరకుండును. ఇది రోగము కాదు. తీగ వదులైనను, కంప్యూటరు జ్ఞాపకశక్తిలో లోపమున్నను పరీక్ష తప్పిపోవచ్చును. ఒకేచోట గంటలకొలది నిలిచినచో మాత్రము, చదువరాని గడిని డిస్కు పదేపదే చదువజూచుచున్నదని శంకింపవలెను.

మా మిత్రుల పొరపాటు ఇచ్చటనే. జ్వరపడినవానిచేత కసరత్తు చేయించినట్లు, నశించుచున్న డిస్కుచేత మూడు మారులు పరీక్ష చేయించిరి. అంతేకాదు, దిద్దుమని కోరినచో ఈ పరీక్ష చూచుటతో ఆగక దిద్దుటకును పూనుకొనును. పట్టికకు చిక్కని తునుకలను పేర్లు తీసివేసి, అంకెలు మాత్రమే తగిలించి వేరొక సంచిలో పడవేయును. అందులో ఏది గజలో ఏది కరెంటు రసీదో తెలియుట కష్టము.

యంత్రమును కట్టించితిమి. మొదట తీగ మార్చి చూచితిమి, ఫలము లేదు. డిస్కు తన ఆరోగ్యమును గూర్చి తానే వ్రాసికొను లెక్క యొకటి కలదు, స్మార్ట్ అందురు. అందు చదువరాక నిలిచిన గడుల సంఖ్య మేము చూచుచుండగనే పెరిగినది. ఇక పరీక్ష మాట విడిచి, క్రొత్త డిస్కు తెప్పించి, డీడీరెస్క్యూ అను ఉచిత సాధనముతో గడికి గడి నకలు దించితిమి. అది తేలికగ చదువబడు భాగములను ముందు తీసికొని, మొండిచోట్లకు పిదప వచ్చును. ఎంతవరకు వచ్చినదో గుర్తు వ్రాసికొనుటచే నడుమ ఆపినను మొదటికి రాదు. తెల్లవారుదాక కూర్చుంటిమి. ఇరానీ చాయి ఎన్ని మారులు వచ్చినదో లెక్క లేదు. దోషపరీక్షను మరునాడు నకలుమీదనే చేసితిమి. అది తుదిదాక సాగినది.

పాత డిస్కు వారము తిరుగకమున్నే మూగవోయినది. గజళ్లన్నియు దక్కినవి, ఒకదాని నడుమ మాత్రము నాలుగైదు క్షణములు నిశ్శబ్దము. ఆ ఖాళీని కత్తిరించి అతుకుట మాకు నిత్యకృత్యమే గనుక, అతికెదమంటిమి. మిత్రులు ఒప్పుకొనలేదు.

"ఉండనీయండి సాబ్. అక్కడ అబ్బాజాన్ వాహ్వాల కోసం ఎట్లనైనా ఆగేటోడే" అని నవ్వి, క్రొత్త డిస్కునకు మరియొక నకలు ఎక్కింప నారంభించిరి.