సారథి లేని కారు

ఎడమవైపు నుండి ఒక బాలుడు, కుడివైపు నుండి ఒక వృద్ధుడు ఒకేసారి దారి దాటుచున్నారు. వచ్చుచున్న కారులో చోదకుడు లేడు. యంత్రమే దానిని నడపుచున్నది. ఆపుటకు వ్యవధి లేదు. ఎటు త్రిప్పినను ఒకరికి ముప్పు తప్పదు. బాలునే కాపాడవలెనని శ్రోతలలో పెక్కురు తలంతురు. మేమును మొదట అట్లే తలచితిమి.

మనిషి నడపునప్పుడు ఈ నిర్ణయము అరక్షణములో, కంగారులో జరిగిపోవును. కంగారులో చేసిన పొరపాటును లోకము కొంత మన్నించును. యంత్రమునకు కంగారు లేదు. దాని నడతను ఇంజనీరు ఎన్నో నెలల ముందే తీరికగా కూర్చుండి నిర్ణయించును. తీరికగా వ్రాసిన తీర్పునకు మన్నింపు ఎక్కడిది? చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది.

ఈ చిక్కును చట్టములో ఎదుర్కొనిన దేశములలో జర్మనీ ఒకటి. 2016లో అచ్చటి రవాణా మంత్రిత్వశాఖ ఒక నైతిక విచారణ సంఘమును నియమించినది. రాజ్యాంగ న్యాయస్థానమున పూర్వము న్యాయమూర్తిగా ఉండిన ఊడో డి ఫాబియో దానికి అధ్యక్షుడు. 2017 జూనులో ఆ సంఘము 20 సూత్రములు ప్రకటించినది. ఆస్తికన్న, జంతువులకన్న మనుష్యుని ప్రాణము మిన్న అన్నది ఒకటి. ప్రమాదము అనివార్యమైనప్పుడు వయస్సును, స్త్రీ పురుష భేదమును, దేహస్థితిని చూచి మనుష్యులను ఎంచరాదన్నది మరియొకటి. 2021 నాటి చట్టమున మానవప్రాణమునకు అగ్రస్థానము లభించినది; వ్యక్తిగత లక్షణములను బట్టి ప్రాణములకు తారతమ్యము కట్టుట నిషిద్ధమైనది. దూరము నుండియైనను వాహనమును నిలిపివేయగల బాధ్యుడొకడు ఉండవలెనని కూడ ఆ చట్టము శాసించినది.

ఈ పట్టుదల అచ్చట క్రొత్తది కాదు. దుండగుల చేజిక్కి ఆయుధముగా మారిన విమానమును, అందలి నిరపరాధులతో సహా కూల్చుటకు వీలు కల్పించిన చట్టమును 2006లో రాజ్యాంగ న్యాయస్థానము కొట్టివేసినది. పదిమందిని కాపాడుటకైనను మనిషిని వట్టి సాధనముగా చూచుట మానవ గౌరవమునకు విరుద్ధమని దాని భావము.

అయినచో మన బాలుడేమగును? వృద్ధుడేమగును? చట్టము చెప్పలేదు. నిజమైన ధర్మసంకటమును ముందుగా సూత్రమున బంధింప వీలుకాదని సంఘమే ఒప్పుకొన్నది. అట్టి ఘడియయే రాకుండ వాహనమును నిర్మింపుడని కోరినది. ఇది లోపమని కొందరందురు. మాకట్లు తోచదు. దారి దాటు వృద్ధుడు, తన శేషాయుర్దాయమును యంత్రము లెక్కించుట లేదన్న నమ్మకముతో అడుగు వేయగలుగుట చిన్న విషయము కాదు.