ఫోన్ టైమా, షిప్ టైమా? కోజుమెల్‌లో సొంతంగా తిరగాలంటే

ఈ ఎపిసోడ్ ముఖ్యంగా అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ బ్యాచ్ అయితే మరీ ముఖ్యంగా వినాలి. లాంగ్ వీకెండ్ వచ్చిందంటే కారేసుకుని గాల్వెస్టన్ వెళ్లిపోయి క్రూజ్ ఎక్కేస్తున్నారు కదా. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని చూస్తున్నవాళ్లు కూడా వినండి. రేపు మీ అన్నయ్య టికెట్లు బుక్ చేసి "అమ్మానాన్నల్ని తీసుకుని నువ్వూ రా, తిరిగే ప్లాన్ మాత్రం నువ్వే చెయ్యరా" అంటాడు. అప్పుడు పనికొస్తుంది.

గాల్వెస్టన్ నుంచి బయల్దేరే షిప్పుల్లో చాలావరకు ఆగే ఊరు కోజుమెల్. మెక్సికోకి తూర్పున, యుకటాన్ తీరం పక్కన ఉన్న దీవి. పొడవు సుమారు 48 కిలోమీటర్లు, వెడల్పు 16. ఉన్న ఒక్క పట్టణం పేరు సాన్ మిగెల్. షిప్ పొద్దున ఆగుతుంది, సాయంత్రం బయల్దేరుతుంది. ఆ మధ్యలో ఏం చేస్తారన్నదే ఇవాళ్టి టాపిక్.

రెండు దారులున్నాయి. షిప్‌ వాళ్లే అమ్మే టూర్ కొనుక్కోవడం ఒకటి, కిందికి దిగి సొంతంగా తిరగడం ఇంకోటి. షిప్ టూర్‌కి తలకింత చొప్పున తీసుకుంటారు. కోజుమెల్ టాక్సీ బండికింత అని తీసుకుంటుంది. నలుగురున్న కుటుంబానికి ఈ ఒక్క తేడా చాలు, సొంతంగా వెళ్తే ఖర్చు ఎంత తగ్గుతుందో అర్థమైపోతుంది. నలభై మందితో కలిసి బస్సులో కూర్చుని, ఎవరో బాత్రూమ్ నుంచి ఇంకా రాలేదని ఎదురుచూసే గోలా ఉండదు.

మరి షిప్ టూర్‌కి ఎక్కువ డబ్బు ఎందుకివ్వాలి? అందులో చుట్టూ చూపించే ఖర్చుతో పాటు ఇంకోటి కలిసి ఉంటుంది. షిప్ టూర్ బస్సు లేటయితే షిప్ ఆగుతుంది. ఆగలేని పరిస్థితి వస్తే మిమ్మల్ని తర్వాతి పోర్టుకి చేర్చే బాధ్యత వాళ్లదే. సొంతంగా వెళ్లినవాళ్లు లేటయితే షిప్ వెళ్లిపోతుంది. అంతే.

"నిజంగా వదిలేసి వెళ్తారా బ్రో" అని అడుగుతారు మీరు. వెళ్తారు. కరీబియన్‌ది కాదు గానీ 2024 మార్చిలో వార్తల్లో బాగా తిరిగిన కేసు ఒకటి చెప్తాను. నార్వీజియన్ డాన్ అనే షిప్ ఆఫ్రికా పక్కన సావో టోమే దీవి దగ్గర ఆగింది. 8 మంది ప్యాసింజర్లు బయటి టూర్ తీసుకుని లేటుగా వచ్చారు. షిప్ ఇంకా లంగరు మీదే ఉంది, కళ్లకి కనిపిస్తోంది. కోస్ట్ గార్డ్ వాళ్లు పడవలో షిప్ దాకా తీసుకెళ్లారు కూడా. అయినా ఎక్కనివ్వలేదు. వాళ్లు దేశాలు దాటుకుంటూ వెంటపడి గాంబియా చేరితే, అక్కడ ఆటుపోట్ల వల్ల షిప్ రేవులోకే రాలేకపోయింది. చివరికి సెనెగల్‌లో అందుకున్నారు.

ఇప్పుడు ఆ స్థానంలో మోకాళ్ల నొప్పులున్న అమ్మని, బీపీ మాత్రలు షిప్‌లో పెట్టేసి వచ్చిన నాన్నని ఊహించుకోండి.

భయపెట్టడానికి చెప్పట్లేదు. నేను సొంతంగా తిరగడాన్నే సపోర్ట్ చేస్తాను. కాకపోతే ప్లాన్ చేసే పద్ధతి తిరగెయ్యాలి. మనవాళ్లు మామూలుగా ఏం చేస్తారు? యూట్యూబ్‌లో చూసిన నాలుగు ప్లేసులు రాసుకుని, పొద్దున్నుంచి ఒక్కోటీ పేర్చుకుంటూ పోతారు. అలా కాదు. రిలీజ్ డేట్ ముందే ఫిక్సయిన ప్రాజెక్టులాగా చివరి నుంచి వెనక్కి రావాలి. ఆ చివరి పాయింట్ పేరు ఆల్ అబోర్డ్. షిప్ 5:00కి బయల్దేరుతుందంటే ఆల్ అబోర్డ్ సాధారణంగా 4:30. మీరు చూడాల్సింది ఈ 4:30నే.

ఇక్కడే అసలు చిక్కు. ఎవరి గడియారం ప్రకారం 4:30?

కోజుమెల్ ఉన్న రాష్ట్రం పేరు కింతానా రో. 2015 ఫిబ్రవరిలో ఆ రాష్ట్రం టైమ్ జోన్ మార్చుకుంది. సాయంత్రం వెలుతురు ఇంకో గంట ఉంటే టూరిస్టులు ఇంకాసేపు తిరుగుతారని ఒక కారణం. అప్పట్నుంచీ అక్కడ ఏడాదంతా ఒకటే టైమ్, ఎండాకాలం చలికాలం అని ముల్లు తిప్పడం లేదు. అమెరికాలో మాత్రం మార్చిలో ఒకసారి, నవంబర్‌లో ఒకసారి తిప్పుతారు.

దాంతో ఏమవుతుందంటే, సమ్మర్‌లో టెక్సాస్ టైమూ కోజుమెల్ టైమూ ఒకటే. గాల్వెస్టన్ షిప్ ఎక్కినవాళ్లకి ఏ గొడవా లేదు. చలికాలంలో కోజుమెల్ టెక్సాస్ కన్నా గంట ముందుంటుంది. షిప్ గాల్వెస్టన్ టైమ్ మీదే నడుస్తుంటే ఫోన్ 5:30 చూపించేటప్పటికి షిప్‌లో ఇంకా 4:30. గుండె ఆగినంత పనవుతుంది గానీ నష్టం లేదు.

మయామీ నుంచి సమ్మర్‌లో వెళ్లేవాళ్ల సంగతి వేరు. అప్పుడు మయామీ కన్నా కోజుమెల్ గంట వెనక. షిప్ మయామీ టైమ్ మీదే ఉందనుకోండి, షిప్‌లో 4:30 అయినప్పుడు మీ ఫోన్ 3:30 చూపిస్తుంది. మీరు బీచ్‌లో కొబ్బరినీళ్లు తాగుతూ "ఇంకా గంటుందిలే" అనుకుంటుంటారు. అక్కడ గేటు మూసేస్తుంటారు. ఫోన్ లోకల్ టవర్ దొరకగానే మనల్ని అడక్కుండా టైమ్ మార్చేసుకుంటుంది. దాని పని అది కరెక్టుగానే చేసింది, మనకే అక్కర్లేని కరెక్టు.

ఇంకో మెలిక ఏంటంటే, కొన్ని షిప్పులు పోర్టుకి వచ్చేముందు తమ గడియారాన్ని లోకల్ టైమ్‌కి మార్చుకుంటాయి, కొన్ని మార్చవు. అందుకే నా లెక్కని గుడ్డిగా నమ్మకండి. ముందురోజు రాత్రి కేబిన్‌కి వచ్చే కాగితంలోనో షిప్ యాప్‌లోనో రాసి ఉంటుంది. దిగేటప్పుడు గేటు దగ్గర బోర్డు కూడా పెడతారు, దాన్ని ఫోటో తీసుకోండి. ఇంట్లో ఒకరి చేతికి మామూలు వాచీ పెట్టి షిప్ టైమ్ సెట్ చెయ్యండి. స్మార్ట్‌వాచ్ వద్దు, అదీ ఫోన్‌తో కుమ్మక్కే.

సరే, ఇప్పుడు లెక్క వేద్దాం. సమ్మర్, గాల్వెస్టన్ షిప్, 8:00కి ఆగుతుంది, ఆల్ అబోర్డ్ 4:30 అనుకుందాం. నా రూల్ ప్రకారం 3:00కల్లా పియర్ దగ్గర ఉండాలి. గంటన్నర బఫర్. ఎక్కువనిపిస్తుందా? ప్రపంచంలోనే రద్దీగా ఉండే క్రూజ్ పోర్టుల్లో కోజుమెల్ ఒకటి. ఒకేరోజు నాలుగైదు షిప్పులు ఆగడం అక్కడ మామూలే. వాటిలో జనమంతా మధ్యాహ్నం మూడు దాటాక ఒకేసారి టాక్సీ కోసం రోడ్డెక్కుతారు. మీరు వెళ్లే తారీఖున ఎన్ని షిప్పులున్నాయో క్రూజ్‌మ్యాపర్ లాంటి సైట్లలో ముందే కనిపిస్తుంది, చూసుకోండి. అటు పొద్దున 8:00కి షిప్ ఆగిందంటే మీరు 8:00కి దిగినట్టు కాదు. అనుమతులు రావాలి, లిఫ్టుల దగ్గర క్యూ, తర్వాత పొడుగాటి పియర్ మీద నడక. పెద్దవాళ్లుంటే 8:45 అనుకోండి. అంటే చేతిలో ఉన్నది ఆరుంపావు గంటలు.

ఏ పియర్‌లో ఆగుతుందన్నది కూడా ముఖ్యమే. మూడున్నాయి. పుంటా లంగోస్తా ఊరి మధ్యలోనే ఉంటుంది, దిగి నడిచెయ్యొచ్చు. ఇంటర్నేషనల్ పియర్, ప్వెర్తా మాయా పక్కపక్కనే, ఊరికి దక్షిణంగా నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉంటాయి. కార్నివాల్ షిప్పులు సాధారణంగా ప్వెర్తా మాయాలో ఆగుతాయి. ఆ పియర్‌ని 2005 అక్టోబర్‌లో విల్మా హరికేన్ నాశనం చేస్తే మళ్లీ కట్టారు.

దిగగానే షాపుల మధ్యలోంచి నడిపిస్తారు. అక్కడ ఆగకుండా బయటికొస్తే టాక్సీ స్టాండ్. మీటర్లుండవు. ఏ చోటికి ఎంత అని రేట్లు బోర్డు మీద రాసి ఉంటాయి. ఎక్కేముందే "ఎంతమందికి, డాలర్లా పెసోలా, వెళ్లడానికేనా రానూపోనూనా" అని మూడూ తేల్చుకోండి. ఆటో బేరమాడిన జాతి మనది, మీకు నేర్పక్కర్లేదు. చిన్న డాలర్ నోట్లు పెట్టుకోండి.

ఎక్కడికెళ్లాలి? ఒక దూరం ప్లేస్, ఒక దగ్గర ప్లేస్, అంతే. దూరానిది ముందు, దగ్గరది చివర. ఏదైనా తేడా జరిగితే పొద్దున్నే జరగాలి, సర్దుకోవడానికి టైముంటుంది.

నేనైతే పొద్దున సాన్ హెర్వాసియో అంటాను. దీవి మధ్యలో అడవిలో ఉన్న మాయా శిథిలాలు. ఇష్‌చెల్ అనే దేవత స్థలం. పిల్లలు పుట్టాలని, ప్రసవం సుఖంగా జరగాలని మాయా ఆడవాళ్లు అవతలి తీరం నుంచి పడవల్లో సముద్రం దాటి వచ్చి మొక్కుకునేవారు. పిల్లల కోసం ముడుపులు కట్టే గుళ్లు చూసినవాళ్లం కాబట్టి మా అమ్మకి గైడ్ అవసరమే రాలేదు, విషయం వెంటనే పట్టేసింది. చిచెన్ ఇట్సాలాంటి పెద్ద పిరమిడ్ ఊహించుకుని వెళ్లకండి. చిన్న కట్టడాలు, నీడ, రాళ్లమీద ఎండ కాచుకుంటున్న ఇగ్వానాలు. ఎండ ముదరకముందే అయిపోతుంది. టాక్సీని వెయిటింగ్‌తో మాట్లాడుకోండి, అక్కడ తిరుగు టాక్సీ సులువుగా దొరకదు.

తర్వాత పడమటి తీరానికి వచ్చెయ్యండి. చంకనాబ్ పార్క్ ఉంది, మిస్టర్ సాంచోస్, నాచీ కోకోమ్ లాంటి బీచ్ క్లబ్బులున్నాయి. క్లబ్బులకి ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చు, కొన్ని రోజుకింతమంది అనే లెక్క పెట్టుకుంటాయి. మనలో చాలామందికి ఈత రాదు, అందులో సిగ్గేం లేదు. లైఫ్ జాకెట్ వేసుకుని ముఖం నీళ్లలో పెడితే చేపలు అవే కనిపిస్తాయి. అయితే ఒడ్డు వెంబడి ప్రవాహం ఉంటుంది, తెలీకుండానే పక్కకి లాక్కుపోతుంది. అక్కడి పగడపు దిబ్బలు 1996 నుంచి నేషనల్ పార్క్. సన్‌స్క్రీన్ నీళ్లలో కలిస్తే పగడాలకి హాని, కాబట్టి ఫుల్‌హ్యాండ్ స్విమ్ టీషర్ట్ వేసుకోండి. స్టార్‌ఫిష్‌ని సెల్ఫీ కోసం నీళ్లలోంచి పైకి తియ్యకండి ప్లీజ్, చచ్చిపోతుంది పాపం.

తూర్పు తీరం చూడ్డానికి అద్భుతం, ఊళ్లు లేవు, అలలు మాత్రం భయంకరం. కారాపి ఫోటో దిగండి, నీళ్లలోకి దిగకండి. స్కూటర్ అద్దెకి తీసుకుందామంటారు కుర్రాళ్లు. నా ఓటు వద్దనే. చిన్న దెబ్బ తగిలినా హాస్పిటల్, పోలీస్, ఇన్సూరెన్స్ కాగితాలు. మీ ఆరుంపావు గంటలు అక్కడే అయిపోతాయి.

తిండి గురించి ఒక్క మాట. శాకాహారులు "సిన్ కార్నే" అంటే మాంసం వద్దని అర్థం. కానీ బీన్స్‌ని పందికొవ్వుతో వండే అలవాటుంది, కాబట్టి "సిన్ మంతేకా" అని కూడా అడగండి. మామిడిముక్కల మీద నిమ్మరసం పిండి కారం చల్లి అమ్ముతారు. అది చూస్తే మాత్రం మన స్కూల్ గేటు గుర్తొస్తుంది.

తులుమ్ వెళ్లొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. తులుమ్ దీవిలో లేదు, అవతలి మెయిన్‌ల్యాండ్‌లో ఉంది. ప్లాయా దెల్ కార్మెన్‌కి ఫెర్రీలో సుమారు ముప్పావుగంట, అక్కణ్ణుంచి రోడ్డు మీద ఇంకో గంట. మళ్లీ అంతా వెనక్కి. పైగా చలికాలంలో "నోర్తే" అని ఉత్తరం గాలులు వస్తాయి. అమెరికా మీదుగా చల్లగాలి దిగినప్పుడు సముద్రం లేస్తుంది, అధికారులు చిన్న పడవలు ఆపేస్తారు, ఒక్కోసారి ఫెర్రీ కూడా ఆగుతుంది. మీరు అవతల, షిప్ ఇవతల. అందుకే తులుమ్, చిచెన్ ఇట్సా అయితే షిప్ టూరే కొనండి. అక్కడ ఆ ఎక్కువ డబ్బుకి అర్థముంది. దీవిలోనే తిరిగేటట్టయితే సొంతంగా వెళ్లండి.

పాస్‌పోర్ట్ సంగతి. దీవిలోనే ఉంటే దాన్ని కేబిన్ లాకర్‌లో పెట్టేసి, ఫోటో ఐడీ, షిప్ కార్డు, పాస్‌పోర్టూ వీసా పేజీల కాపీలు తీసుకెళ్తే చాలు. టైమ్‌కి రాకపోతే షిప్ స్టాఫ్ సాధారణంగా లాకర్ తెరిచి పాస్‌పోర్టులు పోర్ట్ ఏజెంట్‌కి ఇచ్చి వెళ్తారు. ఆ ఏజెంట్ నంబర్ కూడా రోజూ వచ్చే కాగితంలో ఉంటుంది, అదీ ఫోటో తీసుకోండి. ఇండియన్ పాస్‌పోర్ట్ మీద చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. స్టాంపింగ్ అయిపోయి ఎక్స్‌టెన్షన్ కాగితం మీదున్న హెచ్‌వన్‌బీ వాళ్లు మాత్రం టికెట్ కొనకముందే లాయర్‌తో మాట్లాడండి. షిప్ మిస్సయితే మీరు విమానంలో అమెరికాకి రావాల్సి ఉంటుంది, ఆ కౌంటర్ దగ్గర అడిగే ప్రశ్నలు వేరేగా ఉంటాయి.

మాత్రలు మాత్రం లాకర్‌లో వద్దు. ఒకరోజు డోసు ఎక్కువే జేబులో పెట్టుకుని దిగండి.

వచ్చేవారం గ్రాండ్ కేమన్. అక్కడ షిప్ ఒడ్డుకే రాదు, చిన్న టెండర్ బోట్లలో దించుతారు, లెక్క మళ్లీ మారుతుంది. ఉంటాను మరి.