దేవుడి మీద భారం వేశాం, చెయ్యి మాత్రం వదల్లేదు

మాది బాపట్ల జిల్లాలో సముద్రానికి దగ్గర్లో ఉన్న ఊరు. మాలో ఎక్కువ చదువంటే పదో తరగతే. పెద్ద ఉపన్యాసాలు మాకు రావు. మాకు జరిగింది చెప్తాం.

మా గ్రూపులో పది మందిమి. అందులో ఆరుగురివి కౌలు సేద్యాలు. 2023 సార్వాకి బ్యాంకు లింకేజీ అప్పు తీసుకుని పెట్టుబడి పెట్టాం. పైరు బాగా పండింది. కోత అయ్యి పనలు చేలోనే ఉన్నాయి. ఇంకో నాలుగు రోజులు ఎండ కాస్తే కుప్ప వేసేవాళ్ళం. అంతలో మిచాంగ్ తుపాను వచ్చి పడింది. డిసెంబరు 5 మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. గంటకి 90, 100 కిలోమీటర్ల గాలి. మా పెద్దవాళ్ళు 1977 నవంబరు 19 నాటి ఉప్పెనని తలుచుకుని వణికిపోయారు.

ముందు రోజు రాత్రే అందరం బడిలో తలదాచుకున్నాం. ఒకామె హనుమాన్ చాలీసా చదువుతోంది. ఒకామె బైబిలు గుండెకి హత్తుకుని కూర్చుంది. ఒకామె దువా చేస్తోంది. ఎవరి దేవుణ్ణి వాళ్ళు పిలిచినా అడిగింది మాత్రం ఒకటే.

ప్రాణాలు దక్కాయి. చేలకి వెళ్ళి చూస్తే పనలు నీళ్ళలో నానుతున్నాయి. ఇన్ని పూజలు, ఇన్ని ప్రార్థనలు చేశామే, మా మొర వినలేదా అని దేవుణ్ణి తిట్టుకున్నాం కూడా. ఈ మాట మీ దగ్గర దాచడమెందుకు?

మూడో రోజు మీటింగు పెట్టుకున్నాం. ఒక సభ్యురాలు రాలేదు. మేం ఏం చేశామో తెలుసా? పుస్తకంలో గైర్హాజరు రాసి పది రూపాయలు జరిమానా వేశాం. తర్వాత ఇద్దరం వాళ్ళింటికి వెళ్ళి, "దేవుణ్ణి నమ్ముకోవే, అంతా ఆయనే చూసుకుంటాడు" అని చెప్పి వచ్చేశాం. ఆమె గుమ్మంలోనే నిలబడి, "అవునక్కా, ఇంక ఆయన దగ్గరికెళ్ళే చూసుకుంటాం" అంది.

ఇంటికొచ్చి అన్నానికి కూర్చున్నాక ఆ మాట గొంతులో అడ్డం పడింది. కంచాలు అలాగే వదిలేసి నలుగురం మళ్ళీ పరిగెత్తాం. ఆమె భర్త రెండు రోజులుగా అన్నం ముట్టలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. చూరులో ఉన్న పురుగుమందు డబ్బా తీసి మాతో పంపించేశాం. ఇద్దరం ఆ రాత్రి వాళ్ళింట్లోనే పడుకున్నాం. తెల్లవారుజామున ఆమె మా ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. ఏడిస్తే బతుకుతుందిలే అని మాకు ధైర్యం వచ్చింది.

పొద్దున్నే పది కుటుంబాల వాళ్ళం ముందు ఆమె చేలోనే దిగాం. బోదెలు తీసి నీళ్ళు బయటికి వదిలాం. పనలు గట్ల మీదకి చేర్చి తిరగేశాం. మొలక రాకుండా లీటరు నీళ్ళకి 50 గ్రాముల ఉప్పు కలిపి చల్లాం. తర్వాత వంతుల వారీగా మిగతా ఐదుగురి చేలు. వాయిదా తేదీ రాకముందే అందరం కలిసి బ్యాంకుకి వెళ్ళి ఉన్న పరిస్థితి చెప్పుకున్నాం. గ్రూపు పొదుపులోంచి ఆమెకి ముందుగా అప్పు ఇస్తూ తీర్మానం రాశాం. పది రూపాయల జరిమానా కొట్టేశాం.

పంటంతా తిరిగి రాలేదక్కా. రంగు మారిన ధాన్యానికి మంచి ధర కూడా రాలేదు. ఆమె అప్పు ఇంకా ఉంది, నెలనెలా కడుతోంది. దేవుడు తుపానుని ఆపలేదు. ఎందుకు ఆపలేదో మాకు తెలియదు. కానీ ఆ రాత్రి అన్నం ముందు మమ్మల్ని కూర్చోనివ్వంది ఆయనేనని మా నమ్మకం.

కష్టంలో ఉన్నామెకి దేవుణ్ణి నమ్ముకో అని చెప్పి ఇంటికి రావడం తేలిక. చెప్పాక ఆమె పక్కన కూర్చోవాలి. దేవుడి మీద భారం వెయ్యడమంటే తలుపు మూసుకోవడం కాదు, తలుపు తెరిచి ఉంచడం. తెరిచి ఉంటేనే కదా ఎవరో ఒకరు లోపలికి వచ్చేది!

అందుకని మీ అందరికీ మా మనవి ఒకటే. మీటింగులో ఒకామె చోటు ఖాళీగా ఉంటే, పుస్తకంలో రాసే ముందు వాళ్ళింటికి వెళ్ళి రండి. మీ ఒక్కళ్ళ వల్ల కాదనిపిస్తే 14416కి ఫోన్ చెయ్యండి. టెలి మానస్ అంటారు, డబ్బులేం పడవు, తెలుగులోనే మాట్లాడతారు. కష్టంలో ఉన్నది మీరే అయితే, దేవుడికి చెప్పుకున్న మాట పక్కింటి అక్కకి కూడా చెప్పండి.

ఆమె ఈ రోజు మనందరి మధ్యే కూర్చుని ఉంది. ఈ సంగతి చెప్పమని మమ్మల్ని పంపింది కూడా ఆమే.