ఓటరు పట్టిక ఒక్కటా, రెండా?



ఎన్నికలు వచ్చినపుడెల్ల “ఓటు ఎవరికి వేయుదము?” అని రచ్చబండపై తర్కింతుము. “ఎవరితో కలిసి వేయుదము?” అను ప్రశ్న మనకు తట్టదు. ఒకప్పుడు దేశమంతయు ఈ ప్రశ్నతోనే తల్లడిల్లినది.

న్యూజిలాండు దేశమున మావోరీలను ఆదివాసులు కలరు. 1867లో వారికై శాసనసభయందు నాలుగు ప్రత్యేక స్థానములేర్పడెను. 1975 నాటి చట్టముచే మావోరీ ఓటరు మావోరీ పట్టికయందో, సాధారణ పట్టికయందో, తన యిష్టము చొప్పున పేరు వ్రాయించుకొనవచ్చును. ఆ స్థానములిపుడు ఏడు.

మన దేశమున నిర్ణయము ఓటరు చేతికి రాలేదు. 1932 ఆగస్టులో బ్రిటిషు ప్రభుత్వము, అంటరానివారని ఊరివెలుపల నుంచబడిన కులములకు ప్రత్యేక నియోజకవర్గములను ప్రకటించెను. తమవారి ప్రతినిధిని తమవారే ఎన్నుకొనవలెనని అంబేద్కరుగారి వాదము. దానివలన హిందూ సమాజము చీలునని గాంధీగారు ఎరవాడ చెరసాలలో సెప్టెంబరు 20న నిరశనవ్రతము పూనిరి. 24వ తేదీన పూనా ఒడంబడిక కుదిరెను. ప్రకటింపబడిన 71 స్థానములు 148 అయ్యెను. అందు మద్రాసు రాజధానికి 30. మొదట ఆ కులముల ఓటర్లు నలుగురిని ఎన్నుకొనుట, పిదప వారిలో నొకరిని అందరును కలిసి ఎన్నుకొనుట అప్పటి పద్ధతి.

1950లో రాజ్యాంగము అమలులోనికి వచ్చినపుడు ఈ మొదటి మెట్టు తొలగినది. 325వ అధికరణము ననుసరించి నియోజకవర్గమునకు పట్టిక యొక్కటే. నేడు ఆంధ్రప్రదేశ్ శాసనసభలోని 175 స్థానములలో షెడ్యూల్డు కులములకు 29, తెగలకు 7 కేటాయింపబడినవి. మన పొరుగున బద్వేలు అట్టిది. కమలాపురము సాధారణ స్థానము.

స్థానము వారిదే, ఓట్లు అందరివి. కావున గెలిచినవాడు తనవారి మేలు చూచునా, తక్కినవారి మొగము చూచునా? అంబేద్కరుగారి శంక యిదియే. అది తీరినదని నేను చెప్పజాలను. కేటాయించిన సర్పంచి పదవిలో ఒకరిని కూర్చుండబెట్టి, పెత్తనము తామే నడుపు పెద్దలను మన పల్లెలలో చూచుచునే యున్నాము. కుర్చీ వారిది, మాట వేరొకరిది!

అయ్యలారా! పట్టిక యొక్కటి కావలెనని కోరినవారము మనమే. ఆ కోరికతోపాటు ఒక ఋణమును తలకెత్తుకొంటిమి. కాగితముపై పేర్లు కలిసిన చాలదు. రచ్చబండపై మాటయు కలియవలెను. ఆ ఋణము తీర్చుట చట్టముచేత కాదు, మీవంటి పెద్దలచేతనే కావలెను.