క్యూసెక్కులు – మన గుమ్మం

2006 ఆగస్టులో తాపీ నది సూరత్ నగరాన్ని ముంచెత్తింది. నగరానికి ఎగువన, సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, ఉకాయ్ జలాశయం ఉంది. అక్కడినుంచి వదిలిన నీరు ఒక దశలో 9 లక్షల క్యూసెక్కులకు చేరింది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే 28 లీటర్ల పైమాట. మొత్తం సెకనుకు ఎన్ని లీటర్లో మీరే గుణించి చూడండి. రెండున్నర కోట్లు!

ఇంజనీరుకు ఈ అంకె చాలు. లింబాయత్‌లో సాంచాలు నడిపే మన తెలుగు కార్మికునికి చాలదు. నీరు మా వీధికి ఎన్ని గంటలకు వస్తుంది? మోకాలి లోతా, మెడ లోతా? పిల్లలతో ఎటు వెళ్ళాలి? ఆయన అడిగేది ఇది. అదీ ఆయనకు తెలిసిన భాషలో చెప్పాలి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడిపింది. హెచ్చరిక ఇంటికి చేరడానికి బడి కంటే దగ్గరి దారి నాకు కనిపించదు.

ఆ వరద తరువాత సూరత్‌లో ముంపును ముందుగా అంచనా కట్టే హెచ్చరిక వ్యవస్థ ఏర్పడింది. అయితే కంప్యూటరు చూపిన ముంపు నిజమో కాదో తేల్చేది పాత గోడ మీది నీటి చార. అది ఇంజనీరుకు తెలియదు, ఆ ఇంటివారికే తెలుసు. మీ ఊళ్ళోనూ అలాంటి చార ఉంటే, సున్నం వేయకముందే నేలనుంచి దాని ఎత్తు కొలిచి, తేదీతో రాసిపెట్టండి.