నిద్ర చాలని డ్రైవరు – తెల్లవారుజాము ప్రయాణము
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రామాభివృద్ధి యనగానే రోడ్లు, మంచినీరు, వీధి దీపములు మన మనస్సునకు తోచును. అవి యన్నియు అవసరమైనవే. కాని ఆ రోడ్డు మీద చీకటితో ఊరు విడిచి కూలికి పోయినవారు సాయంకాలమునకు క్షేమముగా ఇల్లు చేరుటయు పంచాయతీ పట్టించుకొనవలసిన విషయమే. నేడు మేము ఆ విషయమునే మీ ముందుంచ దలచితిమి.

మిరప కోతల కాలమును తీసికొనుడు. గుంటూరు, పల్నాడు, ఖమ్మము జిల్లాలలో కోతలు ముమ్మరముగా సాగు నెలలలో స్థానికముగా కూలీలు చాలరు. దూర గ్రామములనుండి ముఠాలు పోవలసి వచ్చును. ఎండ ముదరక మునుపే చేనిలో దిగవలెను గనుక స్త్రీలు మూడు గంటలకే లేచి, వంట చేసి, సద్దిమూట కట్టుకొని, నాలుగున్నరకు బండి యెక్కుదురు. ఆ బండి నడుపువాడు రాత్రి యెక్కడ నుండెను? పెండ్లివారిని దింపి వచ్చెనా, పట్టణపు మార్కెట్టునకు కూరగాయలు చేర్చి వచ్చెనా, అసలు పండుకొనెనా? ఈ ప్రశ్న అడుగువారు లేరు.

బండిలోని వారికి సంగతి తెలియకపోదు. డ్రైవరు తల వ్రాలుట, బండి రోడ్డు అంచునకు ఒరుగుట, ఎదుటి దీపము మీదికి వచ్చువరకు అతడు గమనింపకపోవుట వారు చూచుచునే యుందురు. ఒకరి చేయి ఒకరు పట్టుకొని, కునుకు తీయక, చేను ఎప్పుడు వచ్చునా యని కూర్చుందురు. కాని “అన్నా, బండి ఆపి కాసేపు పండుకో” అనుటకు నోరు రాదు. ఏలననగా ఆలస్యమైనచో రైతు కసరును. మేస్త్రీ మరునాడు వేరొకరిని ఎక్కించుకొనును. డ్రైవరు మన యూరివాడే, చిన్నబుచ్చుకొనును. ఒకనాటి కూలి పోవునను భయము ప్రాణభయమును సయితము అణచివేయుచున్నది. కావున ఒంటరి కూలిమనిషి చెప్పలేని మాటను గ్రామము చెప్పవలెను. ఇదియే మేము మీకు చేయు ముఖ్యమైన విన్నపము.

కొందరు “మా డ్రైవరు మొండివాడు, ఎంత నిద్రనైనను ఆపుకొనగలడు” అందురు. నిద్ర పట్టుదలతో గెలువదగినది కాదు. మానవ శరీరములో గడియారము వంటి యేర్పాటొకటి కలదు. దాని ననుసరించి రాత్రి రెండు గంటలు మొదలు ఉదయము ఆరు గంటల వరకు నిద్రమత్తు మిక్కుటముగా నుండును. మనవారి ప్రయాణము సరిగా ఆ వేళలోనే సాగుచున్నది. 1997లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధన ప్రకారము, 17 గంటలు నిద్ర లేక యున్న మనుష్యుని చురుకుదనము, 100 మిల్లీలీటర్ల రక్తములో 50 మిల్లీగ్రాముల మద్యము గలవాని స్థాయికి దిగిపోవును. మన మోటారు వాహనముల చట్టము 30 మిల్లీగ్రాములు దాటిననే నేరముగా నెంచుచున్నది. త్రాగినవానిని పోలీసుల యంత్రము పట్టుకొనును. నిద్ర చాలనివానిని అట్లు పట్టుకొనుట కష్టము. బండిలోని వారి కన్నులే అందుకు సాధనములు.

నిద్ర చాలనివానికి కన్నులు తెరచియుండగనే కొన్ని సెకన్లు స్మృతి తప్పవచ్చును. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు ఆటో 4 సెకన్లలో సుమారు 44 మీటర్లు సాగును. అంత దూరము బండికి డ్రైవరు లేనట్లే. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లాలో మిరప కోతకు పోవు కూలీల ట్రాక్టరు కాలువలో పడి 9 మంది మరణించిరి. ఆ జూన్‌లోనే యాదాద్రి భువనగిరి జిల్లా లక్ష్మాపురము వద్ద మరియొక ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది మరణించిరి. వారిలో అధికులు స్త్రీలు. ఇవి నిద్ర వలన జరిగెనని మేము చెప్పుట లేదు. కాలువగట్టు మీద బండి క్షణకాలము అదుపు తప్పినచో ఎన్ని యిండ్లు చీకటి యగునో చూపుటకే చెప్పితిమి.

ఇందు డ్రైవరును మాత్రమే నిందించుట న్యాయము కాదు. అతని బండికి నెల నెలా వాయిదా కట్టవలెను. ఒక్క కిరాయి చాలక రాత్రి బేరము కూడ ఒప్పుకొనును. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటల పనియే నిర్ణయించి, 5 గంటల పనికి మించక మునుపే అరగంట విశ్రాంతి విధించెను. కాని ఆ చట్టము అయిదుగురు, అంతకు మించి కార్మికులు గల సంస్థలకై చేయబడినది. సొంత ఆటో నడుపుకొనువాడు దాని నీడకు రాలేదు. కార్మికుల సంఖ్యను చూచి నిద్ర వచ్చునా? చట్టము చేరని చోట గ్రామపు కట్టుబాటు చేరవలెను.

ఆ కట్టుబాటు ఎట్లుండవలెను? మొదటిది: రాత్రి బండి నడిపినవాడు జామున కూలీల బండి నడుపరాదు. ముందురోజు సాయంకాలమే మేస్త్రీ ఈ సంగతి విచారించి, అవసరమైనచో మరియొక డ్రైవరును కుదుర్చుకొనవలెను.

రెండవది: బయలుదేరు వేళ. కోతలు పెట్టుకొను రైతులతో మీరు మాటలాడి, అరగంట ఆలస్యముగా దిగుటకు ఒప్పింపవచ్చును. ఆ అరగంట సాయంకాలము కలుపుకొనవచ్చును.

మూడవది: ప్రతి బండిలో ఒక పెద్దమ్మకు “ఆపు” అను అధికారము నీయవలెను. ఆమె ఆపు మనిన బండి ఆగవలెను. అందువలన ఎవరి కూలియు తగ్గరాదు, ఎవరి పనియు పోరాదు. ఈ హామీ రైతు, మేస్త్రీ నలుగురిలో ఈయవలెను. ఇది లేనిచో మిగిలిన నియమములు కాగితము మీదనే యుండును.

నాలుగవది: బండి ఆపిన తరువాత చేయవలసినది. మొగముపై చన్నీళ్లు, పాటలు, బీడీ కొద్ది నిమిషములే పనిచేయును. వేడి టీ త్రాగి, వెంటనే 15 లేక 20 నిమిషములు కునుకు తీయుట మేలు. టీ గుణము చూపుటకు సుమారు అరగంట పట్టును గనుక, లేచునప్పటికి రెండును తోడ్పడును. ఇది ఆనాటికి గట్టెక్కుటకే. రాత్రి నిద్రకు బదులు కానేరదు.

అయిదవది: ట్రాక్టరు తొట్టిలో మనుష్యులను ఎక్కింపరాదు, ఆటోలో అనుమతించిన సంఖ్యను మించరాదు, డ్రైవరు సీటులో రెండవ మనిషి కూర్చుండరాదు. ప్రమాదమే జరిగినచో 108కు ఫోను చేయుడు. సాయము చేసిన వారిని కేసులలో ఇరికింపరాదని 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము రక్షణ కల్పించినది. ఈ సంగతి మీ గ్రామములో అందరికిని తెలుపుడు.

ఇందుకు నిధులు అక్కరలేదు. కోతలు మొదలగుటకు ముందు ఒక సాయంకాలము రైతులను, మేస్త్రీలను, డ్రైవర్లను, కూలికి పోవు స్త్రీలను సమావేశపరచుడు. స్త్రీలను ముందుగా మాటలాడనిండు. డ్రైవరు రాత్రి బేరము మానుకొనుటకు ఎంత కిరాయి గిట్టునో అతనినే అడిగి, రైతులతో చర్చించి నిర్ణయింపుడు. అంగీకరించిన నియమములను గ్రామసభలో తీర్మానము చేసి, ఊరిలో చాటింపు వేయింపుడు.

అరగంట ఆలస్యమునకు రైతుకు కలుగు నష్టము పూడ్చుకొనరానిది కాదు. ఇల్లాలు తిరిగి రాని ఇంటి నష్టమును పూడ్చుట ఎవరి తరమును కాదు. ఈ కోతల కాలములోనే మీ గ్రామమున ఈ కట్టుబాటు నెలకొనునని ఆశించుచున్నాము.

జై హింద్.